తెరచాప బండి కడదాం – 4వ పాఠం: అడ్డపలక ఎంపిక, బిగువు

పోయిన పాఠంలో బండి తొట్టి పూర్తిచేశాం. ఈసారి దాని కింద అడ్డంగా వెళ్లి, రెండు కొసల్లో వెనుక చక్రాలను మోసే పలక సంగతి. ఈ ఏర్పాటు మంచుపడవలది. గడ్డకట్టిన సరస్సుల మీద పరుగెత్తే డీఎన్ (డెట్రాయిట్ న్యూస్) రకం పడవ 1937 ప్రాంతంలో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టింది. పొడవు 12 అడుగులు, తెరచాప 60 చదరపు అడుగులు, అడ్డపలక సుమారు 8 అడుగులు, దాని కొసలకు ఉక్కు బ్లేడ్లు. మనకు మంచు లేకపోయినా, సముద్రం వెనక్కి తగ్గాక సూర్యలంక తీరంలో గట్టిపడిన తడి ఇసుక ఉంది. బ్లేడ్ల చోట చక్రాలు వస్తాయి, పలక పని మాత్రం అదే.

బరువు మోస్తే చాలదు, పలక కావడిబద్దలా ఊగాలి కూడా. గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు వంగి ఆ దెబ్బను కొంత తాను తీసుకుంటుంది. మరీ బిగువైతే గాలివైపు చక్రం నేలను వదిలేస్తుంది. మరీ మెత్తనైతే తొట్టి ఇసుకకు రాసుకుంటుంది. కాబట్టి మీ బరువు అడగకుండా పలక మందం చెప్పేవారి మాట వినకండి.

మంచుపడవలకు పేరున్న యాష్ చెక్క విజయవాడ టింబర్ డిపోల్లో వెతకనక్కర్లేదు. బరువులోనూ బిగువులోనూ టేకు దానికి దగ్గరగా ఉంటుంది. ఒకే మందపాటి దుంగకన్నా, సన్నని పొరలు అంటించిన పలక మేలు. చేవ భాగమే తీసుకోండి. చారలు కొస నుంచి కొస దాకా వంకర లేకుండా సాగాలి. అట్టడుగు పొరలో ముడి అసలు ఉండకూడదు. వంగినప్పుడు సాగేది ఆ ముఖమే, చీలిక మొదలయ్యేదీ అక్కడే. టేకులో నూనె ఉంటుంది కనుక, అంటించే ముందు ప్రతి ముఖాన్నీ అసిటోన్‌తో తుడవండి. ఎపాక్సీ జిగురు కలిపే పని వేసవిలో తెల్లవారుజామునే ముగించండి. మన ఎండకు అది గిన్నెలోనే గట్టిపడుతుంది.

పొరలను నడుము 45 మి.మీ. పైకి లేచేలా విల్లుగా వంచి అంటించాలి. మీరు కూర్చున్నాక ఆ విల్లు చదునవుతుంది.

ఇక కొలత. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పలక కొసలను చక్రాలు వచ్చే చోట రెండు దిమ్మెల మీద ఉంచండి. నడుమ నేల నుంచి ఎత్తు కొలవండి. మీరు నడుమ ఎక్కి నిలబడండి, మరొకరిచేత మళ్లీ కొలిపించండి. తేడా 45 మి.మీ. దగ్గర ఉంటే మొదటి పలకకు బాగుంటుంది. 180 మి.మీ. వెడల్పు, 32 మి.మీ. మందంతో మొదలుపెట్టారనుకుందాం. 75 కిలోల మనిషికి సుమారు 32 మి.మీ. వంగవచ్చు. బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 45ను 32తో భాగిస్తే 1.4, దాని ఘనమూలం 1.12. మందం 32ను 1.12తో భాగిస్తే 28.6 మి.మీ. అంటే మూడున్నర మిల్లీమీటర్లే తీయాలి! చిత్రిక పైముఖం మీదే, పొడవునా సమానంగా పట్టండి. ఒక్కో పొర తీశాక మళ్లీ ఎక్కి కొలవండి. తీసిన చెక్క తిరిగి అతకదు, మందం 30 మి.మీ. దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించాలి. వెడల్పు తగ్గిస్తే బిగువు అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక చివరి సవరణకు అంచులు వాడుకోవచ్చు.

మెలిక చూడటానికి రెండు కొసల్లో ఒక్కో వంకరలేని కర్ర అడ్డంగా పెట్టి, ఒక చివర నుంచి కన్ను ఆనించి చూడండి. రెండు కర్రల అంచులు ఒకే గీతగా కనిపించాలి. మెలిక ఉన్న పలకను చిత్రికతో సరిచేయకండి, వేరేది అంటించండి.

చక్రాలు బిగించేది ఆ తర్వాతే. ఖాళీ బండిలో వాటి పైభాగాలు కాస్త బయటికి వాలి ఉంటాయి, కంగారుపడకండి. తొట్టిలో మీరు కూర్చున్నాక రసమట్టంతో చూస్తే నిలువుగా రావాలి. అలా కూర్చుని ఉండగానే ఇరుసు ఎత్తులో రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కొలిపించండి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే ఇరుసు బిగింపులో ముందు వైపో వెనుక వైపో పలుచని రేకు పెట్టి సవరించండి. మంచుపడవల్లో బ్లేడ్లకు ఇంతకన్నా సన్నటి కొలత అవసరం, ఎందుకంటే వంకర బ్లేడు మంచును గీరుతూ వేగాన్ని తినేస్తుంది. మన చక్రం ఇసుకలో పక్కకు ఈడ్చుకుంటూ పోతుంది. తీరం మీద బండిని చేత్తో పది అడుగులు నెట్టి, చక్రాల జాడ అంచులు చూడండి: ఒక పక్క ఇసుక కుప్పగా లేచి ఉంటే ఆ చక్రం రేకు మళ్లీ సవరించాలి.