బేస్‌బాల్ అంపైర్ లెగ్ గార్డ్స్ కొనేముందు

అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కి అంపైరింగ్ చేస్తూ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) వెనక నిలబడేవాళ్లు క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగాడు) గార్డ్స్‌తో సరిపెట్టుకోకండి. అవి ప్యాంటు మీద వేసుకునేవి, లావుగా ఉంటాయి, మనవేమో ప్యాంటు లోపల ఇమడాలి. మనిషి ఎత్తు చూసి సైజు ఎంచుకోవద్దు, మోకాలిచిప్ప మధ్య నుంచి పాదం మడత దాకా టేపుతో కొలిచి ఆ అంగుళాలకు తగ్గది తీసుకోండి. ప్లేట్ బూట్లతో (ప్లేట్ వెనక నిలబడే అంపైర్లు వేసుకునే గట్టి బూట్లు) సహా వేసుకుని ఓసారి గొంతుక్కూర్చుని చూడాలి, చిప్ప మీద గార్డు పక్కకు జారినా, కింది అంచు పాదం మీద గుచ్చుకున్నా ఎంత ఖరీదుదైనా వద్దు. పట్టీల కొక్కేలు కాలికి బయటివైపే రావాలి, లోపలివైపు ఉంటే నడిచేటప్పుడు ఒకదానికొకటి తగులుకుని చిరాకు. పిక్క దగ్గర మరీ బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది, వేలు దూరేంత వదులుంచండి. లోపలి మెత్త ఊడదీసి ఉతుక్కునేలా ఉండాలి, జులై ఎండలో ఆ చెమట కంపు మామూలుగా ఉండదు మరి!