ఎడమకి వేరు, కుడికి వేరు: స్పీకర్లకి ఈక్వలైజర్ విడివిడిగా ఎలా పెట్టాలి?

నెల్లూరులో కానీ ఒంగోలులో కానీ చాలా ఇళ్లలో హాల్ ఒకే తీరుగా ఉంటుంది. టీవీకి ఒక పక్క గోడ మూల, రెండో పక్క డైనింగ్‌లోకి తెరుచుకునే ఆర్చి, కింద టైల్స్ లేదా చీమకుర్తి గ్రానైట్. మూలలో ఉన్న ఎడమ స్పీకర్ గుమ్మని మోగుతుంది, ఆర్చి పక్కనున్న కుడి స్పీకర్‌కి బేస్ చాలదు. అప్పుడు అందరూ చేసేది ఏందంటే, ఈక్వలైజర్ (శబ్దంలో బేస్ లాంటి ఒక్కో భాగాన్నీ విడిగా పెంచి తగ్గించేది) తెరిచి రెండింటికీ కలిపి బేస్ తగ్గించడం. ఎడమ గుమ్ము కాస్త తగ్గుతుంది, కుడివైపు ఉన్న కాస్త బేస్ కూడా పోతుంది, రెండింటి మధ్య తేడా మాత్రం అట్నే ఉంటుంది.

కావాల్సినవి: విండోస్ కంప్యూటర్, అందులో శబ్దాన్ని సర్దే ఈక్వలైజర్ ఏపీఓ, మైకుతో శబ్దాన్ని కొలిచి గీత గీసే రూమ్ ఈక్యూ విజార్డ్ (రెండూ ఉచితమే), క్యాలిబ్రేషన్ ఫైల్‌తో (ఆ మైకు కొలతలో తేడాలని సరిచేసే ఫైల్) వచ్చే యూఎస్‌బీ కొలత మైకు. నేను యూమిక్-1 అనే మైకు వాడతాను. ఏపీఓ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీ స్పీకర్లు ఏ డివైస్‌లో ఉన్నాయో టిక్ పెట్టి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

ముందు స్పీకర్ వైర్లలో ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయో చూడండి. ఒకటి తిరగబడినా బేస్ పలచబడుతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. తర్వాత స్పీకర్లని ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టండి. లోపం ఉన్నచోటే ఉంటే అది గది వల్ల, స్పీకర్‌తో పాటు అవతలికి పోతే స్పీకర్ వల్ల. స్పీకర్‌దైతే రిపేర్ చేయించుకోండి, ఈక్వలైజర్‌తో కప్పిపెట్టకూడదు.

కొలిచేటప్పుడు ఒకసారికి ఒక స్పీకరే మోగాలి. మైకు మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో ఉండాలి, చుట్టూ అడుగు దూరంలో నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయాలి. ఫ్యాన్ ఆపాలి. రోహిణి కార్తెలో మన దగ్గర ఫ్యాన్ ఆపి కూర్చోవడం అంటే మాటలు కాదు, అందుకే తెల్లవారుజామున పెట్టుకోండి, రోడ్డు మీద ఆటోల మోత కూడా ఉండదు.

ఇక అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. తెర మీద రెండు స్పీకర్ల గీతలు (బేస్ నుంచి సన్న శబ్దం దాకా ఎక్కడ ఎంత మోగుతోందో చూపేవి) కనపడగానే, కింద నుంచి పైదాకా రెండింటినీ చదును చేసేయాలనిపిస్తుంది. చేయొద్దు. విడివిడి ఈక్వలైజేషన్ 300 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవాలి (హెర్ట్జ్ అంకె తక్కువైతే బేస్, ఎక్కువైతే సన్న శబ్దం). అంతకంటే కింద పెత్తనం గదిది. 12 అడుగుల వెడల్పు గదిలో గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం పేరుకుంటుంది (565ని అడుగులతో భాగిస్తే మీ గది లెక్క వస్తుంది), మూలలో ఉన్న స్పీకర్ దాన్ని ఇంకా గట్టిగా రేపుతుంది. అంతకంటే పైన మాత్రం స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దాన్ని బట్టే చెవి దిక్కు పోల్చుకుంటుంది. మైకుకి ఆ తేడా తెలియదు, గ్రానైట్ మీద తగిలి వచ్చినదాన్ని కూడా కలిపేసి గీత గీస్తుంది. ఆ గీతని నమ్మి ఎడమకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గించి, కుడికి 5 దగ్గర పెంచారనుకోండి, జోడీ స్పీకర్లు ఇక జోడీ కావు. మన బాలు గారి గొంతు పల్లవిలో నడిమధ్యన ఉండి, ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా ఒక పక్కకి జరుగుతుంది. పై భాగంలో ఏ మార్పు చేసినా రెండు వైపులా ఒకటే ఉండాలి.

రెండో జాగ్రత్త. గీతలో లేచిన చోట తగ్గించండి, పడిపోయిన చోట పెంచకండి. 80 హెర్ట్జ్ దగ్గర లోతుగా పడిపోయిందంటే, చాలాసార్లు గోడకి తగిలి వెనక్కొచ్చిన శబ్దం అసలుదాన్ని కొట్టేస్తోందని అర్థం. మీరు పెంచితే ఆ వెనక్కొచ్చేది కూడా అంతే పెరుగుతుంది, గుంత అట్నే ఉంటుంది. 9 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పెంచాలంటే ఆంప్లిఫయర్ ఆ చోట 8 రెట్ల పవర్ ఇవ్వాలి. దానికి స్పీకర్‌ని అరడుగు జరపడమే మందు. సర్దుబాట్లన్నీ సాఫ్ట్‌వేరే లెక్కగట్టే ఆటో ఈక్యూ బటన్ నొక్కి దాని మానాన వదిలేసే పద్ధతి నాకు నచ్చనిది ఇందుకే, పైన హద్దు పెట్టకపోతే పై భాగాన్ని కూడా కెలుకుతుంది. ఒక్కో వైపు నాలుగు ఫిల్టర్లు (గీతలో ఒక్కో చోట చేసే సర్దుబాటు ఒక ఫిల్టర్) మించొద్దు.

ఇప్పుడు ఏపీఓ కాన్ఫిగరేషన్ ఎడిటర్‌లో ప్లస్ నొక్కి ఛానెల్ అనే వరస వేసి ఎడమ ఒక్కటే టిక్ పెట్టండి, దాని కింద ఎడమ ఫిల్టర్లు. తర్వాత ఇంకో ఛానెల్ వరస, కుడి టిక్, కుడి ఫిల్టర్లు. చివర మూడో ఛానెల్ వరస వేసి అన్నీ ఎంచుకోండి. ఈ మూడోది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అది లేకపోతే ఆ తర్వాత మీరు వేసే ప్రతి ఫిల్టరూ కుడివైపుకే పడుతుంది.

ఫిల్టర్లు అయ్యాక 500 నుంచి 2000 హెర్ట్జ్ మధ్య పింక్ నాయిస్ (పరీక్షకి వాడే హోరు శబ్దం) ఒక్కో వైపు మోగించి, ఎక్కువున్న వైపు ఛానెల్ వరస కింద ప్రీఆంప్ (ఆ వైపు మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించేది) వేసి తగ్గించండి. తేడా అర డీబీ లోపలికి రావాలి. ముందే సమానం చేసి తర్వాత ఫిల్టర్లు వేస్తే మళ్ళీ చూసుకోవాల్సి వస్తుంది.

చివరగా పాత మోనో రికార్డింగ్ ఏదైనా పెట్టండి, 60లలో వచ్చిన ఘంటసాల పాట చాలు. రెండు స్పీకర్లలోనూ ఉన్నది ఒకటే కాబట్టి గొంతూ, తబలా, వయొలిన్లూ అన్నీ మధ్యలో ఒకే చోట నిలబడాలి. తబలా బాయ (బేస్ ఇచ్చే పెద్దది) ఒక్కటే పక్కకి లాగుతుంటే 300 లోపల ఫిల్టర్ ఏదో ఎక్కువైంది, ఒక్కొక్కటీ ఆపుతూ వినండి. సోఫా జరిపినా, ఆర్చికి కర్టెన్ వేసినా కొలతలు మళ్ళీ మొదటి నుంచి తీయాలి.