సీ, అసెంబ్లీ ఒకే స్ట్రక్చర్‌ని పంచుకుంటే: సమస్య - పరిష్కారం

అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేసి, కోఠీ గుజరాతీ గల్లీలో బోర్డు కొనుక్కున్న కుర్రాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట: "బోర్డే పోయినట్టుంది అన్నా." బోర్డు పోవడం అరుదు. సీ భాషలో ప్రకటించిన స్ట్రక్చర్‌ని (వరసగా పేర్చిన ఫీల్డుల గుంపు) అసెంబ్లీ కోడ్ వేరే లెక్కతో చదువుతోందా అన్నది ముందు చూడండి.

మొదటి ఫీల్డు బాగుంది, రెండోది చెత్త

స్ట్రక్చర్‌లో వరసగా ఒక చార్ (1 బైటు), ఒక ఇంట్ (4), ఒక షార్ట్ (2) ఉన్నాయనుకోండి. అసెంబ్లీ రాసేవాడు వేళ్లమీద లెక్కేసి 0, 1, 5 అని ఆఫ్‌సెట్లు (స్ట్రక్చర్ మొదలు నుంచి ఫీల్డు ఎన్ని బైట్ల దూరమో) వేస్తాడు, మొత్తం 7 బైట్లంటాడు. 32 బిట్ ఆర్మ్ ప్రాసెసర్‌లో కంపైలర్ వేసేది 0, 4, 8. మొత్తం 12. ఇంట్‌ని 4తో భాగించబడే అడ్రసులోనే పెట్టాలి గనక చార్ తర్వాత 3 బైట్లు ఖాళీ వదులుతుంది. చివర్లో ఇంకో 2 వదిలేది అరేలో పక్క ఎలిమెంటు కోసం. అందుకే అరేలో సున్నా ఎలిమెంటు మొత్తం సరిగ్గా ఉండి ఒకటో దాని నుంచి పాడైతే, ఆఫ్‌సెట్లను వదిలేసి లూపులో ఎంత కలుపుతున్నారో చూడండి. చివరి ఖాళీ మరిచి 10 కలిపి ఉంటారు, 12 కలపాలి.

ఇదే తప్పు చిప్‌ని బట్టి వేరే వేషంలో కనిపిస్తుంది. ఆర్మ్ చిన్న చిప్ కార్టెక్స్ ఎం0లో ఆఫ్‌సెట్ 1 నుంచి వర్డ్ (4 బైట్లు) లోడ్ చేస్తే వెంటనే హార్డ్‌ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. ఎం3 మామూలు లోడ్‌ని సహించి, చప్పుడు చేయకుండా చెత్త విలువ తెచ్చిస్తుంది. ఎం0 చేసేదే మేలు, తప్పు వెంటనే బయటపడుతుంది.

ఎవరో ఒకరు "ప్యాక్డ్ (ఖాళీలు వదలొద్దని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెట్టెయ్, అయిపోతుంది" అంటారు. పెట్టకండి. ఖాళీలు పోతాయి, కానీ ఫీల్డు వంకర అడ్రసులో పడుతుంది. సీ వైపు కంపైలర్ బైటు బైటుగా చదివి నెట్టుకొస్తుంది, అసెంబ్లీ వైపు ఆ చాకిరీ మీదే.

అసలు మందు ఒకటే: ఆఫ్‌సెట్లను అసెంబ్లీలో చేత్తో రాయకండి, కంపైలర్‌నే అడగండి. లినక్స్ కెర్నెల్ ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తోంది. ఒక చిన్న సీ ఫైల్లో ఆఫ్‌సెట్‌ఆఫ్ (ఫీల్డు ఆఫ్‌సెట్ చెప్పే సీ మాక్రో) విలువలను ఇన్‌లైన్ అసెంబ్లీకి (సీ కోడ్ మధ్యలో రాసే అసెంబ్లీ) కాన్‌స్టంట్లుగా ఇస్తారు. ఆ ఫైల్‌ని ఆబ్జెక్ట్ దాకా పోనివ్వకుండా అసెంబ్లీ టెక్స్ట్ దగ్గరే ఆపితే, అందులో గుర్తు పెట్టిన లైన్లలో అంకెలు కనిపిస్తాయి. వాటిని సెడ్ అనే టెక్స్ట్ టూల్‌తో ఏరి డిఫైన్‌లున్న హెడర్‌గా మారుస్తారు, అసెంబ్లీ ఫైలు దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది. రేపు ఎవరైనా మధ్యలో కొత్త ఫీల్డు దూర్చినా అంకెలు వాటంతటవే మారతాయి.

ప్రాజెక్టు చిన్నదైతే అంత హంగు అక్కర్లేదు. అంకెలను ఒకే హెడర్‌లో డిఫైన్ చేసి, ఆఫ్‌సెట్‌ఆఫ్‌తో సరిపోతున్నాయో లేదో సీ వైపు స్టాటిక్ అసర్ట్ (తేడా ఉంటే కంపైల్ దగ్గరే ఆపేసే తనిఖీ) పెట్టండి. సీ11 (2011 నాటి సీ ప్రమాణం) నుంచి భాషలోనే ఉంది. ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న బోర్డుల ఓఎస్‌లో స్టాక్ పాయింటర్ టాస్క్ స్ట్రక్చర్‌లో మొదటి ఫీల్డుగానే ఉండాలనే నియమం ఉంది, ఎందుకంటే అసెంబ్లీ దాన్ని ఆఫ్‌సెట్ సున్నా అనుకునే చదువుతుంది. అక్కడ కాపలా ఒక కామెంటే. మీ కోడ్‌లో కామెంటు మీద ఆధారపడకండి.

అనుమానం తీరాలంటే జీడీబీ డీబగ్గర్‌లో పీటైప్ కమాండ్‌కి స్లాష్ ఓ తగిలించండి. ప్రతి ఫీల్డు ఆఫ్‌సెట్, మధ్య ఖాళీలు అన్నీ చూపిస్తుంది.

ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది, బోర్డులో నడవదు

64 బిట్ లినక్స్‌లో లాంగ్, పాయింటర్ రెండూ 8 బైట్లు, 32 బిట్ ఆర్మ్‌లో 4. ఈనమ్ (అంకెలకు పేర్లు పెట్టే సీ టైపు) ఇంకా మాయదారిది: ఓఎస్ లేని బోర్డుల కోసం ఉన్న ఆర్మ్ టూల్‌చెయిన్‌లో (కంపైలర్, అసెంబ్లర్, లింకర్ల సెట్టు) చిన్న ఈనమ్ ఒక్క బైటులో సరిపెట్టేస్తుంది, ఆర్మ్ లినక్స్‌లో 4 బైట్లు తీసుకుంటుంది. పంచుకునే స్ట్రక్చర్‌లో సైజు పేరులోనే ఉన్న టైపులు వాడండి. పాయింటర్లకు ఆ దారి లేదు, కాబట్టి హెడర్‌ని టార్గెట్‌కొకటి తయారుచేయాల్సిందే. బిట్‌ఫీల్డుల (బిట్ల లెక్కన సైజు ఇచ్చే ఫీల్డులు) జోలికి అసలు పోవద్దు.

అసెంబ్లీలో పెట్టిన బఫర్‌ని సీ ముట్టుకోగానే క్రాష్

అసెంబ్లీలో 64 బైట్లు కేటాయించి లేబుల్ పెట్టారు, సీలో దాన్ని ఎక్స్‌టర్న్ చార్ పాయింటర్‌గా ప్రకటించారు. ఫైళ్లను కలిపే లింకర్‌కి టైపులు తెలియవు, నోరెత్తదు. సీ మాత్రం బఫర్‌లోని మొదటి బైట్లనే అడ్రసు అనుకుని అక్కడికి దూకుతుంది. బఫర్ సున్నాలతో నిండి ఉంటే నల్ పాయింటరే. ఎక్స్‌టర్న్ చార్ అరేగా, ఖాళీ చదరపు బ్రాకెట్లతో ప్రకటించండి.

డిఫైన్లు ఉన్నా "అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్"

జీసీసీ కంపైలర్‌లో అసెంబ్లీ ఫైల్ ఎక్స్‌టెన్షన్ పెద్ద ఎస్ అయితే ప్రీప్రాసెసర్ (డిఫైన్, ఇన్‌క్లూడ్ లైన్లను చూసుకునేది) నడుస్తుంది. చిన్న ఎస్ అయితే హ్యాష్‌తో మొదలయ్యే లైన్లు ఎక్స్86లో (ఇంటెల్ తరహా చిప్‌లు) కామెంట్లైపోతాయి, మీ ఆఫ్‌సెట్ పేరు ఎక్కడో ఉన్న సింబల్ అనుకుని అసెంబ్లర్ లింకర్ నెత్తిన పడేస్తుంది. ఫైల్ పేరు మార్చండి, చాలు. దొరకనిది వేరియబుల్ పేరైతే గ్లోబల్ డైరెక్టివ్ (పేరును బయటి ఫైళ్లకు కనిపించేలా చేసేది) మరిచిపోయారేమో చూడండి.

ఇంటరప్ట్ జెండా ఎత్తింది, సీ లూపు చూడట్లేదు

ఆప్టిమైజేషన్ పెంచాకే ఇలా అయితే ఆ జెండా (ఫ్లాగ్) వేరియబుల్‌కి వోలటైల్ లేదు: ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట అది. ఇన్‌లైన్ అసెంబ్లీతో మెమరీ మారుస్తుంటే క్లాబర్ లిస్టులో (ఆ అసెంబ్లీ ఏమేం మారుస్తుందో కంపైలర్‌కి చెప్పే జాబితా) మెమరీ అని రాయాలి.

స్ట్రక్చర్‌లోని ఫంక్షన్ పాయింటర్‌ని పిలవగానే ఫాల్ట్

కార్టెక్స్ ఎం థంబ్ మోడ్‌లోనే (ఆర్మ్ పొట్టి ఇన్‌స్ట్రక్షన్ల సెట్టు) నడుస్తుంది, ఫంక్షన్ అడ్రసులో చివరి బిట్ 1 ఉండాలి. అసెంబ్లీ లేబుల్‌కి ముందు థంబ్ ఫంక్ డైరెక్టివ్ లేకపోతే ఆ బిట్ రాకపోవచ్చు. టేబుల్లో చేత్తో 1 కలపకండి, డైరెక్టివే రాయండి.