మర్దన పాఠాలు – 4: ఒకే పిక్క, నాలుగు పద్ధతులు

క్రిందటి పాఠంలో చెప్పిన సాధన మీరు చేసే ఉంటారనుకుంటాను. బరువు చూసుకునే యంత్రాన్ని బల్ల మీద పెట్టి, బొటనవేలిని దాని మీద ఆనించి, చేతి కండరాలతో కాకుండా ఒంటి బరువును ముందుకు వాల్చి, మూడు కిలోల ఒత్తిడిని పది సెకన్లపాటు ముల్లు కదలకుండా నిలపగలుగుతున్నట్లయితే మీరు ఈ పాఠానికి సిద్ధమైనట్టే. ముల్లు ఇంకా ఊగుతూనే ఉంటే మరో వారం దాన్నే చేయండి. తొందరపడితే ముందుగా దెబ్బతినేవి మీ బొటనవేళ్ళే.

ఈ పాఠం పద్ధతుల గురించి. ఇప్పుడు కర్నూలు వంటి ఊళ్ళలో కూడా స్పా బోర్డుల మీద స్వీడిష్, థాయ్, డీప్ టిష్యూ అని వరుసగా పేర్లు రాసి ఉంటున్నాయి. పక్కనే ధర ఉంటుంది గాని, ఏది ఎవరికి పనికొస్తుందో ఉండదు. పేర్లు బట్టీ పట్టడం కంటే ఒకే కండరం మీద అన్ని పద్ధతులనూ చేసి చూడడం వల్ల తేడా చేతికి తెలుస్తుందని నా అనుభవం. అందుకని పిక్కను ఎంచుకున్నాను. ఆదోని పత్తి మార్కెట్టులో బరువులు మోసే హమాలీకైనా, ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద పొద్దస్తమానం కాళ్ళాడించే నేతగానికైనా, రోజంతా నిలబడి పాఠం చెప్పే పంతులుకైనా ముందుగా మొరాయించేది అదే.

పిక్కలో ప్రధానంగా రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన కనిపించే రెండు పాయల కండరం గాస్ట్రోక్నీమియస్; అది మోకాలికి పైన, తొడ ఎముక దగ్గర మొదలవుతుంది. దాని కింద బల్లపరుపుగా ఉండే సోలియస్ మోకాలికి దిగువన మొదలవుతుంది. రెండూ కలిసి ఒకే స్నాయువుగా (వాడుకలో మడమ నరం) మడమకు అంటుకుంటాయి. మోకాలు కొద్దిగా వంగితే పై కండరం వదులవుతుంది, అప్పుడు కింది దాన్ని వేలు అందుకోగలుగుతుంది. బోర్లా పడుకున్నవారి చీలమండల కింద తువ్వాలు చుట్టి పెట్టేది ఇందుకే.

చేయి వేసే ముందు రెండు కాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నొప్పి చేస్తోందంటే దాన్ని ముట్టుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి పంపండి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దన వల్ల ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఇటీవల ఆపరేషన్ అయినవారిలో, కాలికి సిమెంటు కట్టు వేయించుకున్నవారిలో, కదలకుండా చాలా దూరం ప్రయాణం చేసినవారిలో ఈ అవకాశం ఎక్కువ. జ్వరం, చర్మం మీద పుండ్లు, ఎముక విరిగిన అనుమానం ఉన్నా మర్దన లేదు. మన సీమలో కాలు మెలికపడితే ముందు నూనె రాసి రుద్ది, తగ్గకపోతే పుత్తూరు కట్టుకు బయలుదేరడం అలవాటు. ఎక్స్‌రే తీయించకుండా వాచిన చీలమండను రుద్దడం మాత్రం మీరు ఎవరు అడిగినా చేయకండి.

నేర్చుకునే రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా వీధిలో ఒక పెద్దామె కాళ్ళు లాగుతున్నాయంటే, నేర్చిన విద్యంతా చూపించాలన్న ఉత్సాహంతో గట్టిగానే నొక్కాను. మరునాడు పొద్దున వెళ్తే ఆమె పిక్క మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చలు నాలుగు కనిపించాయి. గుండె జబ్బుకు ఆమె రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. “నొప్పేమీ లేదులే నాయనా” అని ఆమే నన్ను ఓదార్చింది. అప్పటినుంచి చేయి వేసే ముందు మూడు ప్రశ్నలు అడగకుండా ఉండను. ఏ మాత్రలు వాడుతున్నారు? ఈ మధ్య ఆసుపత్రిలో ఉన్నారా? అరికాళ్ళలో స్పర్శ సరిగా తెలుస్తోందా? మూడోది ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారి కోసం; స్పర్శ తగ్గినవారు “ఇంకా గట్టిగా” అంటే ఆ మాటను నమ్మకూడదు.

ఇక మొదటి పద్ధతి స్వీడిష్. పేరు విని స్టాక్‌హోమ్‌లో 1813లో వ్యాయామ విద్యాసంస్థ స్థాపించిన పేర్ హెన్రిక్ లింగ్ దీన్ని కనిపెట్టాడని చాలామంది రాస్తారు. నిజానికి ఇందులోని చేష్టలకు ఫ్రెంచి పేర్లు పెట్టి ఒక క్రమంలోకి తెచ్చిన ఘనత డచ్చి వైద్యుడు యోహాన్ గియోర్గ్ మెట్జ్‌గర్‌కు చెందుతుంది. స్వీడన్‌లో దీన్ని క్లాసిక్ మసాజ్ అనే అంటారు. చేష్టలు ఐదు: నీవడం, పిసకడం, రాపిడి, తట్టడం, కంపింపజేయడం.

ఒక పిక్కకు ఒక టీస్పూను నూనె చాలు. నూనెను కాలి మీద పోయకుండా మీ అరచేతుల్లో వేసుకుని వెచ్చబరచండి. మడమ దగ్గర మొదలుపెట్టి, రెండు అరచేతులూ పూర్తిగా ఆనేట్టు, మోకాలి దాకా నిదానంగా నీవండి. ఒత్తిడి ఎప్పుడూ గుండె వైపే. తిరుగు దారిలో చేతులు ఎత్తకుండా, బరువు వేయకుండా, పక్కల మీదుగా జారి రావాలి. మోకాలి వెనుక గుంటలో రక్తనాళాలూ నరాలూ పైపైనే ఉంటాయి కాబట్టి అక్కడ ఒత్తిడి పూర్తిగా తీసేయండి. ఆరుసార్లు ఇలా చేశాక పిసకడం. ఇక్కడ కొత్తవాళ్ళందరూ ఒకే తప్పు చేస్తారు. జొన్నరొట్టెకు పిండి పిసికేటప్పుడు మణికట్టు దగ్గరి మెత్తతో పిండిని పళ్ళానికి అదుముతాం. పిక్క దగ్గర అది పనికిరాదు. కండను ఎముకకేసి అదమకుండా, ఎముక నుంచి పైకి లేపి, ఒక చేతి పట్టులోంచి రెండో చేతి పట్టులోకి అందించాలి. లేపినప్పుడు కండ మీ చేతిలో బరువుగా, మెత్తగా వేలాడుతున్నట్టు అనిపిస్తే సరిగా చేస్తున్నట్టు. చర్మం ఒక్కటే చేతికి వచ్చి చురుక్కుమంటే మీరు గిల్లుతున్నట్టు. రాపిడికి ముందు నూనె తుడిచేయాలి, ఎందుకంటే వేలు చర్మం మీద జారకూడదు. వేలూ చర్మమూ కలిసి అడుగున ఉన్న కండ మీద చిన్న సున్నాలు చుట్టాలి. తట్టడం, కంపనం ఈ వారానికి వదిలేయండి.

ఈ పద్ధతి వల్ల కలిగేది ముఖ్యంగా విశ్రాంతి, పనిచేసిన కండరంలో సలుపు కొంత తగ్గడం. కండరాల్లో పేరుకుపోయిన లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తుందని చెప్పే మాట నిజం కాదు; శ్రమ ఆపిన గంట, గంటన్నరలో శరీరం దాన్ని తనంత తానే వాడేసుకుంటుంది. మరునాటి నొప్పికి కారణం అది కానే కాదు.

రెండోది మన అభ్యంగం. స్వీడిష్‌లో చేయి పనిచేయడానికి నూనె సాయపడుతుంది. ఇక్కడ నూనె పనిచేయడానికి చేయి సాయపడుతుంది. తేడా అంతా ఇదే. ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు దీన్ని నిత్యం చేయవలసిన దినచర్యలో చేర్చి, ముసలితనాన్ని, అలసటను, వాతాన్ని పోగొడుతుందని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు చేయాలని చెప్పాడు. కఫం పెరిగినవారికీ, అజీర్ణం ఉన్నవారికీ వద్దన్నాడు. జలుబు చేసిన పిల్లలకు తలంటవద్దని మన ఇళ్ళలో అమ్మమ్మలు అనే మాటా ఆ దారిలోదే. పిక్కకు చేసేటప్పుడు నూనె రెండు మూడింతలు తీసుకుని, ఎముక పొడవునా పొడవుగా, చీలమండ, మోకాలు వంటి కీళ్ళ దగ్గర గుండ్రంగా, పిసకకుండా రాయాలి. శాస్త్రంలో మొదటి స్థానం నువ్వుల నూనెదే. మా వైపు ఇళ్ళలో సులువుగా దొరికేది చెనక్కాయ నూనె, అదీ పనికివస్తుంది; కాకపోతే వాసన కొందరికి వంటింటిని గుర్తుచేస్తుంది. ఆముదం ఒక్కటే వాడితే చేయి సాగదు. టెంకాయ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి పుష్యమాసం పొద్దుల్లో సీసాను వేడినీళ్ళలో పెట్టాలి, మన ఎండాకాలంలో ఆ బాధ లేదు. పొడిబారిన చర్మానికీ, నిద్రపట్టని పెద్దవాళ్ళకూ నేను ముందుగా సూచించేది ఇదే. ఒక్క జాగ్రత్త: నూనె కాళ్ళతో వాళ్ళను స్నానాల గదికి నడవనివ్వకండి, పాదాలు సున్నిపిండితోనో పాత గుడ్డతోనో తుడిచాకే లేపండి.

మూడోది జపానుకు చెందిన షియాత్సు. షి అంటే వేలు, అత్సు అంటే ఒత్తిడి. తల్లి కీళ్ళనొప్పులకు చిన్నతనంలో చేతులతో ఉపశమనం కలిగిస్తూ దీన్ని కనుగొన్నాడని తోకుజిరో నమికోషి (1905–2000) గురించి చెబుతారు. నూనె అక్కరలేదు, బట్టలు తీయనక్కరలేదు, చాప మీద చేయవచ్చు. మోకాలి గుంటకు నాలుగు వేళ్ళ కింద మొదలుపెట్టి మడమ నరం దాకా పిక్క నడిమధ్య గీతలో ఏడెనిమిది చోట్ల బొటనవేలి మెత్తను నిట్టనిలువుగా ఆనించి, అవతలి మనిషి ఊపిరి వదిలేటప్పుడు మూడు నుంచి ఐదు సెకన్లు ఒత్తండి. వారం రోజులు యంత్రం మీద సాధన చేసిన మూడు కిలోలు ఇక్కడికే. ప్రాణశక్తి దారుల సిద్ధాంతాన్ని దీనికి జోడించిన గురువులున్నారు. నమికోషి మాత్రం శరీర నిర్మాణాన్నే ఆధారం చేసుకున్నాడు. ఆ దారులను మీరు నమ్మినా నమ్మకపోయినా వేలు ఆనించే తీరు మారదు కాబట్టి ఆ వాదంలోకి నేను దిగను. బట్టలు తొలగించడానికి మొహమాటపడే ఆడవాళ్ళకు ఇది ఎంతో వీలైన పద్ధతి.

నాలుగోది థాయ్. బుద్ధుని వైద్యుడైన జీవకుణ్ణి వాళ్ళు తమ మూలపురుషుడిగా కొలుస్తారు; బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో ఈ విద్య శిలాఫలకాల మీద చెక్కి ఉంది; 2019లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో నొక్కడం సగమే, సాగదీయడం సగం. వెల్లకిలా పడుకున్నవారి మడమను మీ అరచేతి గిన్నెలో పట్టుకుని, మీ ముంజేతిని వారి అరికాలికి ఆనించి, మీ ఒంటిని వారి తల వైపు మెల్లగా వాల్చండి. వేళ్ళు వారి ముఖం వైపు వంగుతాయి, పిక్క సాగుతుంది. మోకాలు చాచి ఉంచితే పై కండరం సాగుతుంది. మోకాలు కొద్దిగా వంచి ఇదే చేస్తే కింది కండరం. ఇరవై నుంచి ముప్పై సెకన్లు నిలపండి, ఊపవద్దు, కుదపవద్దు.

దీని విలువ నాకు ఆదోనిలో తెలిసింది. ఒక హమాలీ మాటల మధ్యలో పిక్క పట్టేసి కూలబడ్డాడు. పక్కవాళ్ళు రుద్దబోతే ఆపి, మోకాలు చాపించి, పాదాన్ని పైన చెప్పినట్టు వంచాను. వేలితో తాకితే రాయిలా ఉన్న కండ అరనిమిషంలో కరుగుతున్నట్టు వదులైంది. “ఆడనే నాయనా, ఆడనే పట్టుకో” అని ఆయన అంటుంటే, పట్టు వదిలాకనే రెండు నిమిషాలు నీవాను. నడిరాత్రి పిక్క పట్టేసినప్పుడు ఎవరికి వారు తువ్వాలును పాదానికి తగిలించి లాక్కున్నా ఇదే ఫలితం.

కేరళలో తాడు పట్టుకుని పాదంతో చేసే చవిట్టి ఉళిచ్చిల్ గురువు దగ్గర తప్ప నేర్చుకునేది కాదు. డీప్ టిష్యూ అంటే గట్టిగా నొక్కడం అనుకుంటారు; అసలు అర్థం నిదానంగా లోపలి పొరను చేరడం. పైపొర వదులు కాకుండా లోపలికి దిగబోతే కండ ఎదురు తిరుగుతుంది, మీరు గెలవలేరు.

ఈ వారం సాధన ఇలా చేయండి. ఇంట్లో ఒప్పుకున్నవారి కుడి పిక్కకు మొదటి రోజు స్వీడిష్, ఒక రోజు ఆగి షియాత్సు, మరో రోజు ఆగి థాయ్ చేసి, ఎడమ పిక్కను పోలిక కోసం ముట్టుకోకుండా వదిలేయండి. ప్రతిసారీ పది నిమిషాలు మించవద్దు. చేసేటప్పుడు ఒత్తిడిని సున్నా నుంచి పది దాకా చెప్పమని అడగండి, ఆరు దాటితే తగ్గించండి. ముందూ తర్వాతా వారిని గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలేలా వంచమని చెప్పి, కాలి బొటనవేలికీ గోడకూ మధ్య దూరాన్ని బెత్తెల్లో కొలిచి రాసుకోండి. అభ్యంగాన్ని ఆదివారం తలంటుతో కలిపి చేయవచ్చు. వచ్చే పాఠం మెడ, భుజాల గురించి. దానికి వీపు ఆనే పలక లేని స్టూలు ఒకటి చూసిపెట్టుకోండి.