జోడీకి చెరో సగం చిట్టీ

“పక్కవాళ్లతో మాట్లాడుకోండి” అనంగనే క్లాసు మూగబోతది. ఇద్దరి ముందట అదే పాఠం ఉంటే ఒకరినొకరు అడిగేదేముంటది మరి?

ఒక్క విషయాన్నే రెండు చిట్టీలకు పంచండి. నాగార్జునసాగర్ మీద ఆరు వాక్యాలనుకుందాం. మొదటి చిట్టీలో “గేట్లు 26, నిండు నీటిమట్టం 590 అడుగులు” లాంటివి మూడు పూర్తిగా రాసి, మిగతా మూడింట్లో ఖాళీలు పెట్టాలె: “ఎడమ కాల్వ పేరు ____”, “శంకుస్థాపన జరిగిన ఏడు ____”. రెండో చిట్టీ దీనికి ఉల్టా. ఒక ఏ4 కాగితం నాలుగు ముక్కలైతే రెండు జోడీలకు సరిపోతది. 40 మందికి పది కాగితాలు చాలు.

ముందు బెంచీ వాళ్లను వెనక్కి తిప్పి ఎదురెదురుగ కూర్చోబెట్టండి. మధ్యలో పరీక్ష ప్యాడు నిలబెట్టాలె, లేకుంటే తొంగి చూసి రాసేస్తరు, నోరు తెరవరు. చూపొద్దు, అడిగి రాయాలె. ఏడు నిమిషాలు ఇవ్వండి. తెలుగుల అడిగినా ఉర్దూల అడిగినా ఆపొద్దు. ఒక్కరు మిగిలితే ముగ్గురి జట్టు చేసి ఇద్దరికి ఒకే రకం చిట్టీ ఇయ్యొచ్చు. ఖాళీలో ఒక మాటో అంకెనో పట్టాలె, అంతకు మించితే అది డిక్టేషనే అయితది.

పుస్తకాలు బ్యాగుల్లో ఉండాలె. అదే జవాబు పుస్తకంలో దొరికితే పక్కోణ్ని ఎవ్వరూ అడగరు, పేజీలు తిప్పే చప్పుడే వినపడతది.