గల్లీలో అన్నలా చూసుకున్న దోస్తు పేరిట చిన్న పుస్తకం వేయాలంటే

దినాలు, మాసికాలు ఇంటివాళ్లు చేసుకుంటారు. సైకిల్ నేర్పి, సంక్రాంతికి పతంగి ఎగరేసి మాంజా చరఖా మన చేతికిచ్చిన అన్న పోయాక, అతని కోసం దోస్తులు చేయగలిగిన పని ఒకటుంది. సంవత్సరీకం నాటికి 32 పేజీల పుస్తకం వేయించి ఇంట్లో ఇవ్వడం. ఏడాది టైముంది కదా అనుకోవద్దు, మొదటి మూడు నెలల్లోనే పోయేవి పోతాయి.

అన్నింటికన్నా ముందు అన్న ఫోన్. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకపోతే మూసేయొచ్చు, తర్వాత వేరేవాళ్లకు వెళ్తుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే డిలీట్ అవుతుంది. ఇంట్లో చెప్పి చిన్న రీచార్జ్ వేయించండి, ఆ ఫోన్‌ను అప్పుడప్పుడు ఆన్ చేయించండి. మీ ఫోన్‌కు అన్న పంపిన వాయిస్ మెసేజ్‌లుంటే ఆ ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి. ఫైల్ పేరులోనే తేదీ ఉంటుంది. ఫార్వర్డ్ చేస్తే కొత్త తేదీ పడుతుంది, ఏది ఎప్పటిదో తెలీకుండా పోతుంది.

ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) స్కాన్ చేయాలి. పాస్‌పోర్ట్ సైజుకూ, గ్రూప్ ఫొటోలో చిన్న మొహానికీ 1200. వానాకాలం చెమ్మకు ఫ్రేమ్ అద్దానికి అతుక్కున్నదాన్ని పీకితే పైపొర ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి. దోస్తులు వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపమనండి, లేకపోతే సైజు తగ్గిపోతుంది. స్టూడియోవాళ్లు అడక్కుండానే మొహం తెల్లగా చేస్తారు. వద్దని ముందే చెప్పాలి, మనకు కావల్సింది ఎండలో క్రికెట్ ఆడి కమిలిన ఆ మొహమే.

రాతలు రాబట్టడమే అసలు కష్టం. "అన్న గురించి రెండు మాటలు రాయి" అంటే అందరూ "చాలా మంచోడు" అని పంపుతారు. అడిగే తీరు మార్చండి. బోనాల జాతరలో ఎవర్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు? ఎవరి పరీక్ష ఫీజు కట్టాడు? మైదానంలో కొట్లాటైతే ఎవరి పక్కన నిలబడ్డాడు? రాయమనకండి, మూడు నిమిషాలు మాట్లాడి పంపమనండి. టైప్ చేసేటప్పుడు "జేసిండు"ను "చేశాడు"గా దిద్దొద్దు. అన్న కోపం, మొండితనం కూడా ఉండనివ్వండి. అప్పులు, పాత ప్రేమల సంగతులు మాత్రం వదిలేయండి. వాళ్లమ్మను పెద్దకర్మ అయ్యేదాకా ఏమీ అడగొద్దు. తర్వాత కూడా ప్రశ్నలతో కాదు, ఫొటో చేతికిచ్చి కూర్చోండి.

ప్రింటింగ్‌కు హైదరాబాద్‌లో ఛత్తా బజార్ ఉండనే ఉంది. ఏ5 సైజు, లోపల 80 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో అనే మామూలు తెల్ల కాగితం, అట్టకు 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మధ్య మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్ బైండింగ్. పేజీలు నాలుగుతో భాగించేలా లేకపోతే చివర్లో ఖాళీ పేజీలు మిగులుతాయి. 50 కాపీలే అయితే డిజిటల్ ప్రింట్ చాలు. చాలా ప్రెస్సుల్లో ఇంకా పాతకాలపు పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. ఫోన్‌లో, వర్డ్‌లో మీరు టైప్ చేసే యూనికోడ్ అక్షరాలు అందులో పెడితే ఒత్తులు చెదురుతాయి. వర్డ్‌లోనే పేజీలు కట్టి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్‌లోనే కలిపేసిన) పీడీఎఫ్ ఇవ్వండి. ముందు ఒక్క కాపీ తీయించి, ఇంట్లో పెద్దవాళ్లతో చదివించాకే మిగతావి. వాళ్లు తీసేయమన్న పేజీ తీసేయండి, వాదించొద్దు.