చెరువుల కలిసే విషం చేపలకు ఎంత ముప్పో లెక్క కట్టుడెట్ల?

నల్లగొండల నీళ్ల మాటెత్తితే అందరం ఫ్లోరైడ్ గురించే మాట్లాడతం, కానీ చెరువుల బతికే చేపలు, పురుగులు, నాచుకు ఏం ముప్పుందో అడిగేటోళ్లు తక్కువ.

ముందుగాల చెరువుకు నీళ్లు ఎటుకెళ్లి వస్తున్నయో కాగితం మీద గీసుకోండి. మూసీ హైదరాబాద్ మురుగు మోసుకొచ్చి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది, మధ్యల కత్వల (నదికి అడ్డంగ కట్టిన చిన్న ఆనకట్టల) కాడికెళ్లి కాలువలు చెరువుల్లకు పోతయ్. పత్తి, వరి చేన్ల మందులు మొదటి పెద్ద వానకు కొట్టుకొస్తయ్, దగ్గర్ల కంపెనీ ఉంటే దాని కాలువ కూడా రాయండి. ఏం కలుస్తుందో తెలిస్తేనే ల్యాబుల ఏం టెస్టు చేయమనాల్నో చెప్పగలుగుతం.

శాంపిల్ మురుగు కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయాలె, చేతులకు గ్లౌజులు మరవొద్దు. నీళ్లతో పాటు అడుగు బురద కూడా తీయండి, సీసం, కాడ్మియం అసొంటివి బురదకు అంటుకుని ఉంటయ్ కాబట్టి నీళ్ల రిపోర్టు బాగొచ్చినా నమ్మడానికి లేదు. ఆక్సిజన్ మాత్రం తెల్లారకముందే చూడాలె, రాత్రంతా నాచు కూడా దాన్ని పీల్చుకుంటది, మధ్యాహ్నం మీటర్ పెడితే అంతా మంచిగనే కనబడ్తది. చేపల చెరువుకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలె. పీహెచ్, నీళ్ల వేడి కూడా రాసుకోండి, ఆ రెండూ పెరిగితే అమ్మోనియా విషం ఇంకా ఎక్కువైతది.

ఇగ అసలు లెక్క. ఒక మందు లీటరుకు 2 మిల్లీగ్రాములుంటే 96 గంటలల్ల సగం చేపలు చస్తయ్ అనుకుందాం. డాఫ్నియా అనే సన్నటి నీటి జీవి, నాచు మీద టెస్టులల్ల ఇంకా తక్కువకే దెబ్బ తగిలితే ఆ తక్కువ నంబరే పట్టాలె. గిట్ల కొద్దిరోజుల టెస్టులే ఉంటే దాన్ని 1000తో భాగిస్తరు, ఇక్కడ లీటరుకు 2 మైక్రోగ్రాములొస్తది (మిల్లీగ్రాముల వెయ్యో వంతు మైక్రోగ్రాము), అది భద్రమైన హద్దు. మన చెరువుల 5 మైక్రోగ్రాములు ఉంటే 5 బై 2, రెండున్నర. 1 దాటిందంటే ముప్పున్నట్టే, అప్పుడు ఇంకిన్ని శాంపిళ్లు తీసి లోతుగ చూడాలె. ఒకే తీరు పనిచేసే మందులు నాలుగైదు కలిసి ఉంటే ఒక్కోదాని లెక్క కట్టి కూడండి, విడివిడిగ అన్నీ 1 లోపలున్నా మొత్తం దాటిపోవచ్చు. పాదరసానికి ఈ లెక్క చాలదు, అది చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు పోయేకొద్దీ పెరుగుతది, చేప మాంసమే టెస్టు చేయించాలె.

లెక్కతో పాటు కండ్లతోని కూడా చూడాలె. "కొర్రమట్టలు మస్తుగున్నయ్ కదా" అంటరు, కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతది, అది ఉన్నంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. రవ్వ, బొచ్చె పొద్దుగాల నోరు తెరిచి పైన తేలుతున్నయా చూడండి, బురదల ఎర్ర పురుగులు తప్ప ఇంకేం దొరకకపోతే చెరువు పాడైనట్టే.

ఇదంతా చేపపిల్లలు వదలకముందే అయిపోవాలె. రిపోర్టుల తేడా వస్తే మత్స్య సొసైటీకి చూపెట్టి, శాంపిల్ తీసిన తారీఖు, జాగ రాసి పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుండ్రి.